ఇంకొక్క గరిటె... నా మీద ఒట్టు!

ఆ ఫొటో ఇప్పటికీ నా డ్రాయరులో ఉంది.

అమీర్‌పేటలో ఒక కొత్త చిత్రం ప్రారంభోత్సవం. కొబ్బరికాయ కొట్టారు. క్లాప్ కొట్టారు. హీరోగారు దేవుడి పటాల ముందు నిలబడి ఒక్క డైలాగు చెప్పారు. ఆ తర్వాత విలేకరులందరం ఆయన పక్కన వరుసగా నిలబడి ఫొటో దిగాం. మర్నాడు మా ఫొటోగ్రాఫరు ఆ ఫొటో తెచ్చి నా బల్ల మీద పెట్టి, "గురూగారూ! ఇందులో హీరో ఎవరో చెప్పక్కర్లేదు. విలన్ మాత్రం మీ పొట్టే!" అన్నాడు.

ఆఫీసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వితే చొక్కా మూడో గుండీ ఊడి ఆ ఫొటో మీదే పడింది. నవ్వకండి, అక్షరాలా జరిగిన సంగతి ఇది!

నవ్వు అక్కడితో ఆగిపోయేదేమో గానీ, ఆ వారమే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చాను. రిపోర్టులో షుగరు 112. పరగడుపున నూరు లోపు ఉండాలి, 126 దాటితే జబ్బు వచ్చినట్టే. "షుగరు ఇంకా మీ ఇంట్లోకి రాలేదు, గుమ్మం దగ్గర నిలబడి తలుపు తడుతోంది. తియ్యడమా మానడమా మీ ఇష్టం" అన్నారాయన. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. బరువు 78 కిలోలు. ఎత్తుకీ బరువుకీ ఉండవలసిన పొత్తు లెక్కగట్టే బీఎంఐ 27 దాటింది. మన భారతీయులకి 23 దాటితేనే అధిక బరువు కింద లెక్కట!

మా నాన్నగారికి నలభై రెండో ఏట షుగరు వచ్చింది. ఆయన పండగ పూట కూడా బూరె వంక చూసి తల తిప్పుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి. నాకప్పుడు ముప్పై ఒకటి. ఇంటికి వచ్చేదాకా దారంతా వేళ్ళు మడిచి ఆ పదకొండేళ్ళూ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

ఇంతకీ నేనేమన్నా తిండిపోతునా? కాదు! మా ఇంట్లో నేను తినే తిండి చూసి మా అమ్మ ఇప్పటికీ "పిచ్చుక తిన్నట్టు తింటావేంరా" అంటుంది. మరి ఈ పొట్ట ఎక్కణ్ణించి వచ్చింది? మొహమాటానికి పోతే కడుపొచ్చిందని మనవాళ్ళు సామెత చెబుతారు కదండీ, అది నా పట్ల ఇంకో రకంగా నిజమైందన్న మాట!

ఆరు క్యారియర్ల కథ

మా ఆఫీసు పంజగుట్టలో, మెట్రో స్టేషనుకి నాలుగడుగుల దూరంలో. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే వెనక గదిలో పాత పేపర్లు పరుస్తారు. ఆరు క్యారియర్లు ఒకేసారి మూతలు తీస్తాయి. ఇక చూస్కోండి!

అక్కౌంట్సు చూసే అక్కయ్యగారిది గుంటూరు. గోంగూర, ముద్దపప్పు, ప్రత్యేకంగా చిన్న సీసాలో నెయ్యి. ప్రూఫులు దిద్దే బాబాయిగారిది వరంగల్లు. పచ్చిపులుసు, సర్వపిండి, సంక్రాంతి వస్తే డబ్బా నిండా సకినాలు. ఫొటోగ్రాఫరు పాతబస్తీ కుర్రాడు. వాళ్ళమ్మ చేతి బగారా అన్నం, రంజాన్ వెళ్ళిన మర్నాడు డబుల్ కా మీఠా. లేఅవుట్ తమ్ముడిది నెల్లూరు, చేపల పులుసు లేనిదే ముద్ద దిగదు. వీటి మధ్యన నా బుల్లి క్యారియరు, సెట్లో జూనియర్ ఆర్టిస్టులా ఓ మూల నిలబడి ఉంటుంది.

తినడం మొదలుపెట్టాక వడ్డన మొదలవుతుంది. అక్కయ్యగారు గరిటె పట్టుకుంటే మొగుడైనా, మేనేజరైనా ఒకటే. "ఇంకొక్క గరిటె తమ్ముడూ! నా మీద ఒట్టు!" అంటారు. అడ్డం పెట్టిన చెయ్యి మీదుగానే అన్నం పళ్ళెంలో పడుతుంది. "ఏం గాదు, తిను బిడ్డా! ఈ వయసుల తినకుంటే ఎప్పుడు తింటవు?" అని బాబాయిగారు సర్వపిండి ముక్క విరిచి పెడతారు. వద్దంటే అక్కయ్యగారి మొహం చిన్నబోతుంది. తింటే నా చొక్కా చిన్నదవుతుంది. ఏం చెయ్యను చెప్పండి?

ఓ ఆదివారం కూర్చుని లెక్కవేశాను. కొసరి వడ్డించిన రెండు గరిటెల అన్నం సుమారు 150 గ్రాములు. అది 200 క్యాలరీలు. దాని మీద చెంచాడు నెయ్యి 45. వెరసి రోజుకి ఓ 250 క్యాలరీలు, అదీ నా ఆకలితో నిమిత్తం లేకుండా! నెలకి పాతిక పనిదినాలనుకుంటే ఆరువేల పైచిలుకు. కిలో కొవ్వుకి 7,700 క్యాలరీలంటారు. అంటే కాగితం మీద నెలకి ముప్పావు కిలో! ఒళ్ళు అంత కచ్చితంగా పద్దు రాసే గుమాస్తా కాదులెండి, నిజంలో అంత పెరగం. కానీ పద్దు ఏ వైపు నడుస్తోందో తెలియడానికి ఈ లెక్క చాలు.

తెర మీద గయ్యాళి, తెర వెనక అన్నపూర్ణ

ఇది మా ఒక్క ఆఫీసు గొడవే అనుకునేరు. చిత్రసీమ మొత్తం ఈ కొసరు వడ్డన మీదే నడుస్తోంది!

అమీర్‌పేట అంటే ఈనాటి కుర్రకారుకి మైత్రీవనం, కంప్యూటరు కోర్సులు, హాస్టళ్ళు, సందు చివర మిర్చిబజ్జీల బండి గుర్తొస్తాయి. సత్యం థియేటరు ఉన్నచోటే 2023లో అల్లు అర్జున్ పేరు కలుపుకుని వెలసిన మల్టీప్లెక్సు గుర్తొస్తుంది. కానీ తెలుగు సినిమా మద్రాసులో కాపురం ఉన్న రోజుల్లోనే ఈ అమీర్‌పేటలో సారథీ స్టూడియో వెలిసింది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడే రూపు దిద్దుకుంది. ఆ తర్వాత 1976లో అక్కినేనివారు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియో కట్టారు. స్టూడియో పేరులోనే అన్నం ఉంది, గమనించారా?

స్టూడియో అంటే కెమెరా, లైట్లు మాత్రమే కాదండీ. వందమందికి ఒకే పూట భోజనం పెట్టే పెద్ద పెళ్ళిల్లు. అసిస్టెంటు డైరెక్టరు "బ్రేక్!" అని అరిచాడంటే చాలు, ప్రొడక్షన్ బాయిలు బక్కెట్లతో ప్రత్యక్షమవుతారు. భోజనం బాగా పెట్టే కంపెనీకి మంచి పేరు, లేకపోతే లైట్‌బాయి దగ్గర్నించి గొణుగుడు. అందుకే ఏ ప్రొడక్షన్ మేనేజరూ వడ్డన దగ్గర చెయ్యి ముడవడు.

పాతతరంలో సూర్యకాంతంగారి సంగతి మీ పెద్దవాళ్ళనడగండి. తెర మీద ఆవిడ గయ్యాళి అత్త. 'గుండమ్మ కథ' (1962) చూసినవాళ్ళు ఇంట్లో ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడానికే జంకారని చెప్పుకుంటారు! కానీ షూటింగుకి వచ్చేటప్పుడు ఇంట్లో వండించిన పదార్థాలు వెంట తెచ్చి, తోటి నటీనటులకి దగ్గరుండి తినిపించేవారని ఆవిడతో పనిచేసినవాళ్ళు ఎంతోమంది చెప్పారు. కోడళ్ళని మాడ్చే అత్త, లంచ్ బ్రేక్‌లో కొసరి కొసరి పెట్టే అమ్మ!

ఈ తరంలో ఆ పేరు ప్రభాస్‌ది. పెదనాన్న కృష్ణంరాజుగారి దగ్గర్నించి వచ్చిన మొగల్తూరు మర్యాద అది. తనతో నటించేవాళ్ళకి ఇంటి భోజనం పంపడం ఆయనకి అలవాటు. 'సలార్' రోజుల్లో శ్రుతిహాసన్ ఆ వంటకాల వరుస చూసి మురిసిపోయింది. 2021లో 'ఆదిపురుష్' చిత్రం తయారవుతుండగా సైఫ్ ఇంటికి వెళ్ళిన బిర్యానీని కరీనాకపూర్ ఫొటో తీసి లోకానికంతా చూపించి కృతజ్ఞతలు చెప్పింది. మరి అలాంటి భోజనం ముందు కూర్చుని "నేను డైటింగ్‌లో ఉన్నానండీ" అనడానికి ఎవరికి నోరొస్తుంది?

అదీ అసలు చిక్కు! వడ్డించేవాళ్ళు మన శత్రువులైతే చెయ్యి అడ్డం పెట్టడం తేలిక. వాళ్ళు మనల్ని ప్రేమించేవాళ్ళు. గరిటెలో అన్నమొక్కటే లేదు, ఆప్యాయత కూడా ఉంది. అన్నం వద్దంటే ఆప్యాయత వద్దన్నట్టు వినిపిస్తుంది.

ఘటోత్కచుడు ఒంటరిగా తిన్నాడు

'మాయాబజార్' (1957)లో ఎస్.వి.రంగారావుగారి ఘటోత్కచుడు పెళ్ళివారి విందంతా ఒక్కడే ఆరగించే ఘట్టం చూడని తెలుగువాడు ఉంటాడా? అయితే ఒక్క సంగతి. ఆయన ఒంటరిగా కూర్చునే అంత లాగించాడు. అదే పక్కన నలుగురు కొలీగులు కూర్చుని ఉంటే ఇంకెంత తినేవాడో!

ఇది హాస్యానికి అనడం లేదు. జాన్ డి కాస్ట్రో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు మనుషులు రోజూ ఏం తిన్నారో, ఎవరితో తిన్నారో వాళ్ళ చేతనే డైరీలు రాయించాడు. 1989లో ఆ లెక్కలు ప్రకటించాడు. ఒంటరిగా తినే భోజనం కంటే నలుగురితో కలిసి తినే భోజనం సగటున 44 శాతం పెద్దదని తేలింది. కబుర్లు సాగుతాయి, కూర్చునే సేపు పెరుగుతుంది, చెయ్యి ఊరుకోదు. అంతే!

రెండో కారణం ఆ ఆరు క్యారియర్లే. బార్బరా రోల్స్, ఆమె సహచరులు 1980 ప్రాంతాల్లో ఇంకో విషయం కనిపెట్టారు. ఒకే పదార్థం తింటూ ఉంటే కాసేపటికి దాని మీద మోజు తగ్గుతుంది. కొత్త రుచి తగిలితే చచ్చిన ఆకలి లేచి కూర్చుంటుంది. హాల్లో చూస్తున్నాం కదండీ... సెకండాఫ్‌లో సినిమా కుంటుతుంటుంది, జనం ఆవులిస్తుంటారు, ఇంతలో ఓ హుషారైన పాట పడుతుంది. అంతే, ఈలలే ఈలలు! గోంగూరతో కడుపు నిండినవాడికి చేపల పులుసు కనిపించడం సరిగ్గా అలాంటిదే.

అంటే నేను బలహీనుణ్ణి కాదు, మా వెనక గది అంత బలమైనది! ఇది తెలిశాక సగం సిగ్గు పోయింది. మిగతా సగం పనిలోకి దిగింది.

నా మొదటి రెండు ప్రయత్నాలూ ఫ్లాపే

మొదటి ప్రయత్నం బహిష్కారం. కీరదోసకాయ ముక్కలు డబ్బాలో పెట్టుకుని నా బల్ల దగ్గరే కూర్చుని తిన్నాను. వెనక గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. కీరదోసకాయ గొంతు దిగనంటోంది. మూడో రోజు అక్కయ్యగారు వచ్చి నిలబడి, "నా వంట నచ్చలేదని చెప్పొచ్చుగా తమ్ముడూ" అన్నారు. నేనేదో గొణిగాను. ఆవిడ వెళ్ళిపోయారు. సాయంత్రం అయిదింటికి కడుపులో ఎలకలు పరిగెత్తుతుంటే మెట్రో ఎక్కి ఒక్క స్టేషను దాటి అమీర్‌పేటలో దిగాను. మైత్రీవనం దగ్గర ఓ ప్లేటు మిర్చిబజ్జీ, ఓ ప్లేటు పునుగులు, ఆ పైన చక్కెర దండిగా ఓ ఇరానీ చాయ్! మధ్యాహ్నం మిగిల్చినదంతా వడ్డీతో సహా చెల్లించేశాను. సినిమా మార్నింగ్ షోకే తిరిగొచ్చింది!

రెండో ప్రయత్నం అబద్ధం. సోమవారం ఉపవాసమన్నాను, మంగళవారం కడుపునొప్పన్నాను. అక్కయ్యగారు వాము దంచి మజ్జిగలో కలిపి తెచ్చారు. బాబాయిగారు ఇంటికి వెళ్తూ దారిలో ఆగి మందుల షాపులో మాత్రలు కొనిచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనని అంత నమ్మేవాళ్ళ దగ్గర అన్నం కోసం అబద్ధమాడటం కంటే అన్నం తినెయ్యడమే నయమనిపించింది.

ఈ లోపల ఓ శ్రేయోభిలాషి వచ్చి, "వారం రోజులు నిమ్మకాయ నీళ్ళ మీద ఉండన్నా, హీరోలంతా అదే చేస్తారు" అన్నాడు. అక్కడ ఆగాను. ఎందుకంటే తారల బరువు సంగతి రాయడం మా వృత్తి.

యువ పాఠకులారా, ఈ ముక్క మీకోసమే రాస్తున్నాను. 'యమదొంగ' (2007)లో జూనియర్ ఎన్టీఆర్ సన్నబడి కనిపిస్తే హాలు హాలంతా నోరు తెరిచింది. రాజమౌళి మాట మీద ఆయన పట్టుబట్టి తగ్గాడు. 'పూలరంగడు' (2012)లో మన హాస్యనటుడు సునీల్ చొక్కా విప్పి ఆరు పలకల పొట్ట చూపిస్తే, నవ్వడానికి వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు. మనం చూసేది ఇంటర్వెల్ తర్వాత రీలు. దాని వెనక నెలల తరబడి చేసిన కసరత్తు, పక్కనే ఉండే శిక్షకుడు, కొలిచి పెట్టే వంటవాడు తెర మీద కనిపించరు. 'సైజ్ జీరో' (2015) కోసం అనుష్క కావాలని బరువు పెరిగింది. ఆ చిత్రం చెప్పిన నీతి కూడా అదే, సన్నబడే అడ్డదారులని నమ్మొద్దని!

అదే సంవత్సరం మరో వార్త రాయాల్సి వచ్చింది. 'నువ్వు నాకు నచ్చావ్' (2001)తో మన గుండెల్లో చోటు సంపాదించుకున్న ఆర్తీ అగర్వాల్, కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ చేయించుకున్న కొన్ని వారాలకి, 2015 జూన్ 6న అమెరికాలో కన్నుమూసింది. ఆమె వయసు 31. ఊపిరితిత్తుల ఇబ్బంది కూడా ఉందని అప్పట్లో చెప్పారు. నాకు షుగరు రిపోర్టు వచ్చింది కూడా ముప్పై ఒకటో ఏటే. ఆ అంకె చూసినప్పుడల్లా ఆ నవ్వు మొహం గుర్తొస్తుంది. ఒకరి ఒంటి మీద కామెంటు చేసే ముందు మేమూ, మీరూ కూడా కాస్త ఆగుదాం.

నిమ్మకాయ నీళ్ళ సలహాకి నమస్కారం పెట్టేశాను.

గరిటె ఎవరి చేతిలో ఉంది?

మూడో ప్రయత్నానికి కథ దొరికింది అనుకోకుండానే. ఓ షూటింగు కవర్ చెయ్యడానికి వెళ్ళాను. బ్రేక్ చెప్పారు. నలభై ఏళ్ళుగా తండ్రి వేషాలు వేస్తూ, ఇప్పటికీ బెత్తంలా ఉండే ఓ పెద్దాయన పక్కన కూర్చున్నాను. ఆయన ఏం తింటారోనని ఓ కన్ను వేసి ఉంచాను.

ఆయన కూర్చోలేదు! ప్రొడక్షన్ బాయి చేతిలోంచి గరిటె తీసుకుని బంతి మొత్తానికి పప్పు వడ్డించారు. లైట్‌బాయిని పేరు పెట్టి పలకరించారు. మేకప్ అమ్మాయికి అప్పడం వేశారు. అందరిదీ సగమయ్యాక కూర్చుని, ముందు కూర, పప్పు పెట్టించుకుని తిన్నారు. ఆ తర్వాత తనే ఓ గరిటెడు అన్నం, మజ్జిగ వేసుకున్నారు. ముగించారు. ఆయన్ని ఒక్కరంటే ఒక్కరు కూడా "ఇంకాస్త" అనలేదు.

అడిగాను. ఆయన చెయ్యి కడుక్కుంటూ, "బాబూ, ఖాళీ చెయ్యి కనిపిస్తే పెడతారు, ఖాళీ పళ్ళెం కనిపిస్తే పోస్తారు. చేతిలో గరిటె ఉన్నవాడి జోలికి ఎవడూ రాడు. పైగా నలుగురికీ పెట్టాను కాబట్టి నలుగురితో కలవలేదన్న మాట కూడా రాదు" అన్నారు.

నా బుర్రలో లైటు వెలిగింది! నాకు తినాలన్న కోరిక కంటే ఆ గదిలో ఒకడిగా ఉండాలన్న కోరిక ఎక్కువ. ఇన్నాళ్ళూ అందులో చేరడానికి టిక్కెట్టు ఆ రెండు గరిటెల అన్నమే అనుకున్నాను. కాదు, వడ్డించేవాడికి టిక్కెట్టే అక్కర్లేదు!

మర్నాడు మళ్ళీ వెనక గదిలోకి వెళ్ళాను. అందరికంటే ముందు గరిటె నేనే తీసుకున్నాను. అక్కయ్యగారు తెల్లబోయారు. వడ్డించాక ఆవిడ పక్కనే కూర్చుని అబద్ధం లేకుండా చెప్పాను. "అక్కా! నీ గోంగూర నచ్చకపోవడం కాదు. మా నాన్నకి నలభై రెండేళ్ళకే షుగరొచ్చింది. నాకు ఇప్పుడే అంచు మీద ఉంది. నీ చేత్తో పెట్టేది మానను. కానీ ఒక్కసారే పెట్టు. రెండోసారి నేను అడిగితేనే పెట్టు."

అక్కయ్యగారు కాసేపు ఏమీ అనలేదు. నెయ్యి సీసా మూత బిగించారు. "మా ఆయనకి నాలుగేళ్ళయింది మాత్రలు మొదలుపెట్టి" అన్నారు మెల్లిగా. "ఇంట్లో ఆయనకి పెట్టలేక, ఇక్కడ మీకు పెడుతున్నాను కాబోలు."

ఆ మధ్యాహ్నం వెనక గదిలో మొదటిసారి ఎవరూ జోకు వెయ్యలేదు.

నేను కట్టుకున్న నియమాలు

ఆ తర్వాత ఒక్కొక్కటిగా కుదుర్చుకున్నవి ఇవి. డాక్టరుగారికి చూపిస్తే తల ఊపారు. మందులు వాడేవాళ్ళు మాత్రం వాళ్ళ డాక్టర్ని అడిగే చెయ్యాలి సుమండీ!

ఒకటి... ఒంటిగంటకి ఆకలితో నకనకలాడుతూ వెళ్ళకూడదు. పదకొండింటికి ఓ జామకాయో, గుప్పెడు వేయించిన సెనగలో. ఆకలి మీద ఉన్నవాడికి మొహమాటం రెండింతలు!

రెండు... పళ్ళెంలో సగం కూర, ఆకుకూర, పచ్చి ముక్కలు. ఆ మిగతా సగంలోనే అన్నమూ, పప్పూ సర్దుకోవాలి. ఇది నా సొంత తెలివి కాదు. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే మాట ఇంచుమించు ఇదే. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదుకి తరలివచ్చిన సంస్థ అది. 2024లో పదిహేడు ఆహార సూత్రాలు వెలువరించింది. కూరలు, పళ్ళు పళ్ళెంలో సగం ఉండాలంటుంది. ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటొద్దంటుంది. అంటే ఆవకాయ, వడియం, అప్పడం మూడూ ఒకే పూట కుదరవన్న మాట. అయ్యో అనిపిస్తుంది, ఏం చేస్తాం!

మూడు... ఆరు క్యారియర్లలో రోజుకి రెండిటినే ఎంచుకోవాలి. మిగతా నాలుగూ రేపటి ఆట. ఒకే రోజు నాలుగు ఆటలూ చూస్తే ఏ సినిమా కథా గుర్తుండదు కదా!

నాలుగు... తినడం అయిపోయిందంటే పళ్ళెం తీసుకుని లేచి చెయ్యి కడుక్కోవాలి. కబుర్లకి మళ్ళీ వచ్చి కూర్చోవచ్చు. కడుపు నిండిన కబురు మెదడుకి చేరడానికి కాస్త సమయం పడుతుంది. ఆ లోపల పళ్ళెం ఎదురుగా ఉంటే గోవిందా!

అయిదు... పుట్టినరోజు కేకు, సక్సెస్ మీట్ బిర్యానీ, రంజాన్ హలీమ్ వదులుకోనక్కర్లేదు. అవి పండగలు. అయితే పండగ రోజూ రాకూడదు. మా ఆఫీసులో ఎవరో ఒకరు కొత్త ఫోను కొన్నా సమోసాలే! అందుకే నెలకి మూడు పండగలని నాకు నేను కోటా పెట్టుకున్నాను.

ఆరు... బయట తినాల్సి వస్తే నూనె తక్కువదేదో కనుక్కోవాలి. నాగార్జున సర్కిల్ దగ్గర చట్నీస్ హోటల్లో ఆవిరి మీద చేసే దోశ ఒకటి చిరంజీవి పేరు మీదే ప్రసిద్ధికెక్కింది. మెగాస్టార్ పేరు తలుచుకుని నూనె తగ్గించడం అభిమానులకి కష్టమా?

ఏడు... సాయంత్రం పంజగుట్టలో మెట్రో ఎక్కకుండా అమీర్‌పేట దాకా నడిచి అక్కడ ఎక్కుతున్నాను. ఒక్క స్టేషను దూరమే. దారి పొడుగునా సినిమా పోస్టర్లు ఉండనే ఉన్నాయి, కాలక్షేపానికి కొదవ లేదు. మిర్చిబజ్జీల బండి ముందు మాత్రం రోడ్డు దాటి అవతలి వైపు నడుస్తాను. అది పిరికితనమే, ఒప్పుకుంటున్నాను!

శుభం కార్డు ఇంకా పడలేదు

ఏడు నెలలు గడిచాయి. 78 కిలోలు 72 అయ్యాయి. షుగరు 112 నుంచి 99కి దిగింది. మధ్యలో సంక్రాంతి సకినాలకి కిలో, ఓ శతదినోత్సవ విందుకి అరకిలో వెనక్కి వచ్చాయి, మళ్ళీ తగ్గాయి. ఇది మూడు గంటల సినిమా కాదు, ఏళ్ళ తరబడి నడిచే సీరియల్ అని అర్థమైంది. అక్కయ్యగారు వాళ్ళాయన క్యారియరులో కూడా ఇప్పుడు కూర ఎక్కువ, అన్నం తక్కువ పెడుతున్నారట. ఆయన సణుగుతూనే తింటున్నారట!

మొన్న మా ఆఫీసులో కొత్త కుర్రాడు చేరాడు. అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ సినిమాల మీద పిచ్చితో వచ్చినవాడు. మొదటి రోజు బిడియంగా పేపరు అంచున కూర్చున్నాడు. వాడి చేతిలో క్యారియరు లేదు. గరిటె నా చేతిలో ఉంది. వడ్డించాను. వాడు తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయింది. నా చెయ్యి దానంతటదే లేచింది, "ఇంకొక్క గరి..." అని నోటిదాకా వచ్చేసింది!

వాడి మొహం చూశాను. కావాలో వద్దో చెప్పలేని ఆ మొహమాటం... ఏడు నెలల కిందటి నా మొహమే!

గరిటె ఆపి అడిగాను. "కావాలా తమ్ముడూ? చాలంటే చాలని చెప్పు, ఇక్కడ ఎవరూ ఏమీ అనుకోరు."

వాడు అక్కయ్యగారి వంకా, నా వంకా చూసి నవ్వాడు. "కొంచెం కావాలన్నా. హాస్టల్లో పొద్దున టిఫిను అందలేదు" అన్నాడు.

రెండు గరిటెలు వేశాను. అక్కయ్యగారు నెయ్యి సీసా మూత తీశారు.